ఇత్తడి డబ్బా ఎవరికి, మసాలా డబ్బా ఎవరికి?

మొన్నొక శుక్రవారం సాయంత్రం పని అయిపోయాక అందరం కాఫీ కప్పులు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నాం. మా టీంలో సీనియర్ ఒకాయన బ్యాగులోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన వస్తువొకటి బయటికి తీశాడు. ధగధగా మెరిసిపోతున్న ఇత్తడి డబ్బా. అరచేతికన్నా కాస్త పెద్దది. మూత మీద పక్కకి తిరిగిన ఒకమ్మాయి ముఖం, చుట్టూ ఆకుల దండ, అటూ ఇటూ ఇంగ్లీషు 'ఎం' అక్షరాలు, కింద క్రిస్మస్ 1914 అని. ఇంగ్లండు నుంచి ఆన్‌లైన్లో తెప్పించాడట. షిప్పింగూ కస్టమ్సూ కలిపి ఎంతయిందో కూడా చెప్పాడు గానీ ఇక్కడ రాయను. మా నాన్న ఈ టపా చదివితే గుండె పట్టుకుంటాడు :)

"వార్ హీరోస్‌కి నా ట్రిబ్యూట్ బాస్" అన్నాడు. అందరూ వావ్ అన్నారు, ఫోటోలు తీసుకున్నారు. నేను ఒక్కటే అడిగాను.

"ఇది ఎవరిది సార్?"

"ఎవరో సోల్జర్‌ది."

"పేరు?"

"పేరెలా తెలుస్తుందయ్యా, ఖాళీ డబ్బా కదా. నువ్వు అన్నిట్లో లాజిక్ వెతుకుతావ్."

ఆయన చాలా మంచివాడు. నాకు పని నేర్పినవాడు. కాబట్టి ఈ టపా ఆయన మీద కాదు. ఈ మధ్య మనవాళ్ళలో, అంటే నాలుగు రాళ్ళు వెనకేసుకున్న మన ఐటీ జనాల్లో, ఒక కొత్త సరదా మొదలైంది. పాత ఇత్తడి, పాత గడియారం, పాత కెమెరా, ఇప్పుడు ఏకంగా యుద్ధకాలపు బహుమతి డబ్బాలు. కొనడం తప్పేం కాదు, ఎవరి డబ్బు వాళ్ళిష్టం. నా పేచీ వేరే. పేరు తెలియని ఖాళీ డబ్బా కొని, తళతళా తోమి, షెల్ఫులో పెట్టి, దానికి 'ట్రిబ్యూట్' అని పేరు పెట్టడం దగ్గరుంది నా పేచీ. ఆ డబ్బా నిజంగా ఏం చెబుతోందో చదవకుండానే దాన్ని మెచ్చుకుంటున్నాం. చదివితే అంత సులువుగా మెచ్చుకోలేం.

సరే, ముందు అసలు సంగతి.

1914 అక్టోబరులో, అంటే మొదటి ప్రపంచయుద్ధం మొదలైన మూడో నెలలో, బ్రిటన్ రాజు ఐదో జార్జి కూతురు ప్రిన్సెస్ మేరీ పేరిట ఒక నిధి పెట్టారు. ఆ అమ్మాయికి అప్పుడు 17 ఏళ్ళు. క్రిస్మస్‌కి ప్రతి సైనికుడికీ, ప్రతి నావికుడికీ ఒక బహుమతి పంపాలని ఆలోచన. జనం చందాలిచ్చారు. మొత్తం మీద 1,62,591 పౌండ్లు పోగయ్యాయి. దాంతో చేయించిందే ఈ డబ్బా. ఐదంగుళాల పొడవు, మూడుంపావు అంగుళాల వెడల్పు, అంగుళంపావు లోతు. పొగతాగేవాళ్ళకి లోపల పొగాకు, సిగరెట్లు, పైపు, లైటరు. పొగతాగనివాళ్ళకి పుల్లటి బిళ్ళలు, రాసుకోవడానికి పెన్సిలూ కాగితాలూ. నర్సులకి చాక్లెట్. వీటితోపాటు ఒక కార్డు, రాకుమారి ఫోటో.

ఆ క్రిస్మస్ నాటికి నాలుగు లక్షల పైచిలుకు డబ్బాలు పంచారు. మిగతావాళ్ళకి ఆలస్యమైంది. ఇత్తడి మొత్తం ఆయుధాలకే పోతుండటంతో అమెరికా నుంచి తెప్పించాల్సి వచ్చింది. అందులో ఒక సరుకు 1915 మే నెలలో లూసిటానియా ఓడతోపాటు సముద్రం పాలైంది. యుద్ధం అయిపోయాక కూడా ఈ పంపకం సాగుతూనే ఉంది. 1920లో నిధి మూసేసరికి లెక్క 26 లక్షలు దాటింది. మన భాషలో చెప్పాలంటే క్రిస్మస్ రిలీజ్ అనుకున్న ప్రాజెక్టు ఐదేళ్ళు స్లిప్ అయింది.

26 లక్షలు! ఇది విన్నాక కూడా ఎవరైనా మీకు "చాలా రేర్ పీస్ సార్" అని అమ్మజూపితే నవ్వి ఊరుకోండి. పైగా బోలెడు నకళ్ళు కూడా మార్కెట్లో తిరుగుతున్నాయి. ఒకచోట డబ్బా, ఇంకోచోట సిగరెట్ పాకెట్టు, మరోచోట కార్డు కొని, కలిపి ఒకే సైనికుడి సొత్తు అన్నట్టు అమ్మే తెలివితేటలు కూడా ఉన్నాయి.

ఇంతవరకూ ఆ డబ్బాల గురించి రాసేవాళ్ళు అందరూ చెప్పేదే. నా కథ దీని తర్వాత మొదలవుతుంది. ఆ పంపకానికి ఒక జాబితా ఉంది. ఎవరికి ఏమివ్వాలి అన్న జాబితా. అందులో భారతీయ సైనికుల వరసలు చూడండి.

గూర్ఖాలకి బ్రిటిష్ సైనికులతో సమానంగా అదే బహుమతి.

సిక్కులకి ఇత్తడి డబ్బా, అందులో పటికబెల్లం, ఒక చిన్న మసాలా డబ్బీ, కార్డు. పొగాకు లేదు.

మిగతా భారతీయ సైనికులందరికీ ఇత్తడి డబ్బా, ఒక సిగరెట్ పాకెట్టు, పటికబెల్లం, మసాలా డబ్బీ, కార్డు.

ఇక ఆఖరి వరస. 'భిస్తీలు' అన్న ఒక్క పేరు కింద సైన్యం వెంట నడిచే పనివాళ్ళందర్నీ చేర్చారు. వీళ్ళకి మసాలా డబ్బీ, కార్డు. అంతే.

మళ్ళీ చదవండి. వీళ్ళకి ఇత్తడి డబ్బా లేదు.

భిస్తీ అంటే తోలుసంచిలో నీళ్ళు మోసేవాడు. పాత హైదరాబాదు కథలు విన్నవాళ్ళకి ఈ మాట కొత్తేమీ కాదు. ఆ రోజుల్లో భారతీయ సైన్యం కదిలిందంటే సిపాయిల వెంట వంటవాళ్ళు, నీళ్ళవాళ్ళు, పాకీవాళ్ళు, గుర్రాలు చూసేవాళ్ళు, కంచరగాడిదలు తోలేవాళ్ళు, గాయపడ్డవాళ్ళని మోసే డోలీవాళ్ళు కూడా కదిలేవారు. ఆ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రం దాటారు. అందులో లక్షల మంది ఇలాంటి పనివాళ్ళే. చలి వాళ్ళకీ అదే చలి, గుండు వాళ్ళకీ అదే గుండు. తేడా వచ్చిందల్లా బహుమతి దగ్గర.

ఇప్పుడు చెప్పండి. మా సీనియర్ షెల్ఫులో ఉన్నదేంటి? ఇత్తడి డబ్బా. అంటే ఆ జాబితాలో 'డబ్బాకి అర్హుడు' అని రాయబడ్డవాడి గుర్తు. భిస్తీకిచ్చిన మసాలా డబ్బీ ఎక్కడ? నేను వెతికినంతలో ఎక్కడా అమ్మకానికి కనపడలేదు. వాడు ఆ మసాలా కూరలో వేసుకున్నాడు, డబ్బీ పారేసుంటాడు. లేదా ఇంటికి తీసుకెళ్తే తుప్పుపట్టి పోయుంటుంది. ఇత్తడి నిలుస్తుంది, రేకు నిలవదు. 1914లో ఒక ఆఫీసులో కూర్చుని ఎవరో తయారుచేసిన హోదాల పట్టికని, నూట పదేళ్ళ తర్వాత మనం మన డబ్బుతో, మన షెల్ఫుల్లో, మళ్ళీ కాపీ పేస్ట్ చేస్తున్నాం. పైగా దానికి ట్రిబ్యూట్ అని పేరు.

"అది వాళ్ళ దొరల పాపం, మనకేంటి" అంటారేమో. అక్కడికే వస్తున్నా.

పోయిన దీపావళికి ఒక ఆఫీసులో (పేరెందుకు లెండి, మీ ఆఫీసే అనుకోండి) పర్మనెంటు ఉద్యోగులకి ఒక పెద్ద హ్యాంపర్ ఇచ్చారు. డ్రైఫ్రూట్సు, ఇత్తడి దీపం, ఒక థర్మోస్ ఫ్లాస్కు, పైన కంపెనీ లోగో, లోపల పెద్దాయన సంతకంతో కార్డు. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళకి ఒక స్వీటు బాక్సు. హౌస్‌కీపింగు, సెక్యూరిటీ వాళ్ళకి సోన్‌పాపిడి పాకెట్టు. దానికీ ఒక ఎక్సెల్ షీటు, దానికీ కాలమ్స్. నా పక్క సీట్లో కూర్చుని, నాతోపాటు రాత్రి రెండింటిదాకా రిలీజులో మేలుకున్న టెస్టరు అమ్మాయి మెడలో వేరే రంగు బ్యాడ్జి ఉంది. అందుకని ఆ అమ్మాయికి స్వీటు బాక్సు. నేను నా హ్యాంపర్ని డెస్కు కిందకి నెట్టి కాలితో దాచాను. చేసిందల్లా అదే. ఎందుకిలా అని ఎవర్నీ అడగలేదు.

కాబట్టి ఈ టపాలో నేను తిట్టేవాళ్ళ వరసలో మొదటి పేరు నాది. ఆ జాబితా చదివినప్పుడు నాకు వెంటనే కోపం రావడానికి కారణం చరిత్ర మీద ప్రేమ కాదు. ఆ జాబితా నాకు బాగా తెలిసిన జాబితా కావడమే.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. ఈ బహుమతి డబ్బాల వరస 1914తో మొదలవలేదు. 1900 కొత్త సంవత్సరానికి దక్షిణాఫ్రికాలో బోయర్లతో పోరాడుతున్న సైనికులకి విక్టోరియా రాణి చాక్లెట్ డబ్బాలు పంపింది. అవీ ఇప్పుడు సేకరించేవాళ్ళకి మహా ఇష్టం. 2021లో ఇంగ్లండులో ఆక్స్‌బరో హాల్ అనే పాత భవంతి అటకమీద ఒక డబ్బా దొరికింది, లోపల చాక్లెట్ అలాగే ఉంది. పేపర్లన్నీ రాశాయి.

పేపర్లు రాయని ముక్క మనది. ఆ యుద్ధంలో గాంధీ నాటాల్లో ఒక భారతీయ అంబులెన్స్ దళం పెట్టారు. సుమారు 1,100 మంది. అందులో దాదాపు 300 మంది స్వేచ్ఛగా బతికే భారతీయులు, మిగతా అంతా గిర్మిట్ కూలీలు. మద్రాసు రేవు నుంచి నాటాల్ చెరుకుతోటలకి వెళ్ళిన గిర్మిట్ కూలీలంటే ఎవరనుకున్నారు? అరవవాళ్ళు, మన తెలుగువాళ్ళు. వీళ్ళు గాయపడ్డ బ్రిటిష్ సైనికుల్ని స్ట్రెచర్ల మీద మైళ్ళకొద్దీ మోశారు. జీతం తీసుకోకుండా పనిచేసిన దళ నాయకులకి రాణిగారి చాక్లెట్ ఇప్పించమని గాంధీ ప్రభుత్వానికి రాశారు. అది సైనికులకి ఉద్దేశించింది, కుదరదు అన్నారు. ఇది నాయకుల సంగతి. స్ట్రెచర్ మోసిన కూలీ తరఫున చాక్లెట్ అడిగినవాళ్ళు కూడా లేరు. అడిగినా ఇవ్వరన్నది తర్వాతి సంగతి, అసలు అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

నేను హ్యాంపర్ని డెస్కు కిందకి నెట్టినప్పుడు చేసింది కూడా అదే కదా.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాది గార్ల. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. కాజీపేట నుంచి విజయవాడ వైపు రైల్లో వెళ్ళేవాళ్ళకి డోర్నకల్ జంక్షన్ ముందు వచ్చే స్టేషను. ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారు గానీ, మా నాయనమ్మ దగ్గర అచ్చం ఇలాంటి డబ్బానే ఉండేది. పలచటి ఇత్తడి డబ్బా, మూత మీద అరిగిపోయిన ఆడమనిషి ముఖం. అందులో వక్కలు, సున్నపు కాయ పెట్టుకునేది. నా చిన్నప్పుడు ఆ ముఖం లక్ష్మీదేవిది అనుకునేవాణ్ణి. నాయనమ్మ కూడా అలాగే అనుకునేదేమో, శుక్రవారం దానికి పసుపు బొట్టు పెట్టేది.

నేను ఏడో తరగతిలో ఉండగా స్టీలు సామాన్లవాడు వచ్చాడు. పాత ఇత్తడికి కొత్త స్టీలు. రెండు బిందెలు, ఒక గంగాళం, ఆ డబ్బా తూకానికేస్తే నాలుగు స్టీలు బేసిన్లు వచ్చాయి. అందులో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో పిండి కలపడానికి వాడుతున్నారు.

మా సీనియర్ చేతిలో డబ్బా చూసిన రాత్రి ఫోన్ చేశాను.

"నాయనమ్మా, నీ వక్కల డబ్బా గుర్తుందా?"

"ఉండకేం. మీ అమ్మ బేసిన్లకి ఏసింది గదా దాన్ని."

"అది మనింటికి ఎట్లొచ్చింది?"

"ఏమో రా అయ్యా, మా అత్త దగ్గర్నుంచి నాకొచ్చింది. ఆమెకెవరిచ్చిన్రో నాకేం తెల్సు? వక్కలు మాత్రం మెత్తబడకపోయేయి దాంట్ల."

అంతే. ఇదీ సాక్ష్యం. కానీ మా పెదనాన్న దగ్గర దీనికి పెద్ద కథ ఉంది. మా ముత్తాత మిలిటరీలో చేశాడని, జర్మనీవాళ్ళతో కొట్లాడాడని, ఆ డబ్బా రాణి స్వయంగా ఇచ్చిందని. ఈ మధ్య ఫ్యామిలీ గ్రూపులో హైఫా యుద్ధం వీడియో ఒకటి తిరిగింది. నిజాం గుర్రపు దళం ఇజ్రాయెల్‌లో ఒక ఊరినే విడిపించిందని. పెదనాన్న దాని కింద "మన తాత కూడా ఇందులో ఉన్నడు" అని పెట్టేశాడు. యాభై చప్పట్ల బొమ్మలు.

నాకు లాజిక్ పిచ్చి కదా, కూర్చుని చూశాను.

ఒకటి. హైఫా మీద దాడి 1918 సెప్టెంబరు 23న జరిగింది. గుర్రాల మీద దూసుకెళ్ళింది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. హైదరాబాద్ లాన్సర్లు కూడా అదే బ్రిగేడ్‌కి చెందినవాళ్ళే, కానీ ఆ దాడిలో లేరు. పట్టుబడ్డ ఖైదీల వెంట వాళ్ళని కాపలాగా పంపారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల దళాలవే. 2018లో ఆ చౌరస్తా పేరులో హైఫాని కూడా చేర్చారు. విగ్రహం ఉంది కాబట్టి దాడిలో ఉన్నట్టే అని ఫార్వర్డులు రాసేవాళ్ళు తేల్చేశారు.

రెండు. 1914 క్రిస్మస్ నాటికి ఫ్రాన్సులో ఉన్న 'మన' దళం అంటే 20వ దక్కన్ హార్స్. సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్‌తో వెళ్ళింది. 1916 జూలై 14న హైవుడ్ దగ్గర బల్లేలు పట్టుకుని మెషిన్ గన్నుల కాలంలో గుర్రాల మీద దాడి చేసింది వీళ్ళే, పక్కన ఇంకో బ్రిటిష్ గుర్రపు దళంతో కలిసి. కాబట్టి ఆ డబ్బా మన ప్రాంతానికి వచ్చిందీ అంటే ఈ దారిన వచ్చే అవకాశం ఉంది. కానీ ఆ దళంలో చేర్చుకున్నది సిక్కుల్ని, జాట్లని, దక్కనీ ముస్లింలని. గార్ల రైతుబిడ్డని కాదు.

మూడు. అసలు తెలుగువాళ్ళని సైన్యంలోకి తీసుకోవడం అప్పటికే బాగా తగ్గించేశారు. 1880లలో మొదట మద్రాసు సైన్యానికి, తర్వాత మొత్తం భారత సైన్యానికి కమాండర్-ఇన్-చీఫ్‌గా చేసిన రాబర్ట్స్ దొర లాంటివాళ్ళు దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని తేల్చారు. పుట్టుకని బట్టి కొన్ని కులాలు, కొన్ని మతాలే 'యోధజాతులు' అన్నారు. అలాగని మనవాళ్ళు అసలే లేరని కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అంటారు, అక్కడివాళ్ళు రెండు ప్రపంచయుద్ధాలకీ వెళ్ళారు. కానీ అది అక్కడి కథ. దాన్ని తెచ్చి మా ఇంటి గోడకి తగిలించుకోలేం.

మరి డబ్బా మా ఇంటికి ఎలా వచ్చింది? సికింద్రాబాద్ కంటోన్మెంటు నుంచి పాత సామాన్ల వ్యాపారి చేతిలో పడి రైలెక్కి ఉండొచ్చు. రైల్వే పనివాళ్ళెవరో అమ్ముకుని ఉండొచ్చు. అసలు అది ఆ డబ్బానే కాకపోవచ్చు, అలాంటి ఇంకో డబ్బా కావచ్చు. కరిగించేసిన వస్తువు గురించి నేను ప్రమాణం చెయ్యలేను. ఇవన్నీ గ్రూపులో రాశాను. పెదనాన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఫోన్ చేసి "చదువుకున్నోడివి, నువ్వే ఇట్లంటే ఎట్లరా? డబ్బాకి ఒక తాత ఉంటే నీకేం నష్టం?" అన్నాడు.

నష్టం ఉంది పెదనాన్నా. ముత్తాతకి ఆయన బతుకు ఆయనకుంది. ఆయన నాగలి దున్నాడు, చెరువు కింద వరి పండించాడు. ఆ వరి మీద శిస్తు కట్టాడు. యుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్‌వాళ్ళకి లక్షలకి లక్షలు ఇచ్చాడు. దక్కన్ హార్స్, హైదరాబాద్ లాన్సర్ల ఖర్చు భరించాడు. అందుకు 1918లో ఆయనకి 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' అన్న బిరుదొచ్చింది. ఆ లక్షలు ఆకాశంలోంచి ఊడిపడలేదు కదా, ఇలాంటి ఊళ్ళ శిస్తుల్లోంచే వచ్చాయి. లెక్క చూడండి. నిజాముకి బిరుదు. గుర్రపు రౌతుకి ఇత్తడి డబ్బా. భిస్తీకి మసాలా డబ్బీ. శిస్తు కట్టిన రైతుకి ఏమీ లేదు. మా ముత్తాత ఉన్నది ఈ ఆఖరి వరసలో. ఆయన్ని బలవంతంగా గుర్రమెక్కించి మొదటి వరసలోకి తోస్తే, ఆఖరి వరసలో ఇక మన మనిషి ఒక్కడు కూడా మిగలడు. ఆ వరస ఉందన్న సంగతే మర్చిపోతాం.

మళ్ళీ డబ్బాల దగ్గరికి వద్దాం. "సేకరించేవాళ్ళు లేకపోతే ఇవన్నీ మీ అమ్మ బేసిన్ల లాగా కరిగిపోయేవి కదా" అని మా సీనియర్ అన్నాడు, ఈ టపా డ్రాఫ్టు చూపిస్తే. నిజమే. అది నేను ఒప్పుకోవాల్సిందే. పైసా ఖర్చు లేకుండా ఇంట్లో ఉన్నదాన్ని పోగొట్టుకున్నవాళ్ళం మేము, డబ్బు పెట్టి కొని కాపాడినవాడు ఆయన. కానీ రేకు మాత్రమే మిగిలితే దాన్ని కాపాడటం అనొచ్చా? డేటా అంతా డిలీట్ చేసి సర్వరు క్యాబినెట్టు తుడిచి పెట్టుకున్నట్టుంటుంది. ఒక పేరు, ఒక రెజిమెంటు నంబరు, ఒక ఊరు, ఒక ఉత్తరం ముక్క, ఏదో ఒకటి జతగా ఉన్న సొట్టల డబ్బా, ఏ చరిత్రా లేని మెరిసే డబ్బా కన్నా వెయ్యి రెట్లు నయం. మార్కెట్లో మాత్రం మెరిసేదానికే ధర ఎక్కువ. కొనేవాళ్ళం మనమే కాబట్టి ఆ ధర పెట్టేదీ మనమే.

పేర్లు దొరకవు అనకండి. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన భారతీయులు సుమారు 74,000 మంది. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ రికార్డులు ఆన్‌లైన్లో ఉచితంగా వెతుక్కోవచ్చు. లాహోరు మ్యూజియంలో దుమ్ముపట్టి ఉన్న పంజాబు రిజిస్టర్లు, 3,20,000 మంది సైనికుల వివరాలు, బ్రిటన్లో స్థిరపడ్డ పంజాబీల సంఘం ఒకటి గ్రీనిచ్ యూనివర్సిటీతో కలిసి 2021లో నెట్లో పెట్టడం మొదలెట్టింది. ఊళ్ళవారీగా. ఎవరి తాత ఏ ఊరినుంచి ఏ దళంలోకి వెళ్ళాడో మనవళ్ళు చూసుకుంటున్నారు. వాళ్ళలోనూ మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు లేకపోతే ఆ డేటాబేసు ఎవరు కట్టారంటారు? మనం మాత్రం మన చదువుని డబ్బాకి సరైన బిడ్డింగు పెట్టడానికి వాడుతున్నాం.

మన దేశంలో చాలా ఊళ్ళలో ఆ యుద్ధం తర్వాత రాతిపలకలు పెట్టారు. ఈ ఊరినుంచి ఇంతమంది వెళ్ళారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని. అంకె ఉంటుంది, పేరు ఉండదు. అది చూసినప్పుడల్లా నాకు మా ప్రాజెక్టు రిపోర్టులు గుర్తొస్తాయి. రిసోర్స్ కౌంట్ పద్నాలుగు, రిలీజ్ అయినవాళ్ళు ముగ్గురు. ఎవరా ముగ్గురు అంటే స్లైడులో ఉండదు.

నేనేమీ ఉద్యమం చెయ్యమనట్లేదు. కొనేవాళ్ళు కొనండి. కొనేముందు ఇది ఎవరిది అని ఒకసారి అడగండి. తెలియదంటే తెలియదని ఒక చీటీ రాసి అందులోనే పెట్టండి, 'వార్ హీరో'ని కల్పించకండి. అరిగిన ముఖాన్ని ఇంకా తోమి అరగదీయకండి. డబ్బా మీద ప్రేమతో పాటు ఆ జాబితా కూడా ప్రింటు తీసి పక్కన పెట్టండి, ఆఖరి వరసతో సహా. మీ డబ్బా చూసి వావ్ అన్నవాడు ఆ వరస కూడా చదవాలి. అన్నిటికన్నా ముందు, ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ నాయనమ్మ, అమ్మమ్మ దగ్గరున్న డబ్బాలు, చెంబులు, కాగితాలు ఎక్కడివో అడిగి రాసిపెట్టుకోండి. స్టీలు సామాన్లవాడు ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

ఇక నా వంతు. ఈ టపా రాయడం మొదలుపెట్టాక, వచ్చే దీపావళి లిస్టు గురించి మా హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను. బ్యాడ్జి రంగుతో సంబంధం లేకుండా ఒకే ఫ్లోరులో పనిచేసేవాళ్ళందరికీ ఒకటే ఇవ్వొచ్చు కదా, బడ్జెట్టు చాలకపోతే అందరికీ చిన్నదే ఇవ్వండి అని. రెండు రోజులకి జవాబొచ్చింది. పాలసీ ప్రకారం కుదరదట. కాంట్రాక్టు వాళ్ళ బహుమతులు వాళ్ళ ఏజెన్సీ చూసుకోవాలట. నాటాల్లో గాంధీకి ఇచ్చిన జవాబుకీ దీనికీ భాషలో కూడా పెద్ద తేడా లేదు. మళ్ళీ రాశాను. ఈసారి టెస్టరు అమ్మాయి, మా సీనియరు, ఇంకో ఏడుగురు కూడా ఆ మెయిల్లో ఉన్నారు. మా సీనియర్ పేరు అందరికన్నా పైన ఉంది, ఆయనే పెట్టమన్నాడు. ఏమవుతుందో చూడాలి.

ఇది రాసి నాయనమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. అంతా విని, "ఆ రాజు బిడ్డ బొమ్మకా నేను ఇన్నేండ్లు బొట్టు పెట్టింది!" అని పడీపడీ నవ్వింది. తర్వాత కాసేపాగి, "పోనీలే, వక్కలు మాత్రం మంచిగుండేయి" అంది.

మీ ఇళ్ళలో ఇలాంటి డబ్బా ఏదైనా ఉంటే, దాని ఫోటో కాదు, దాని కథ రాయండి. కథ తెలియకపోతే తెలియదని రాయండి. అదీ పనికొస్తుంది.